తొమ్మిది కింద గీత

పేగుకి కూడా వయసుంటుందనీ, దాన్ని కళ్లతో చూడొచ్చనీ నాకు తెలిసింది ఆ రోజు మధ్యాహ్నం పన్నెండూ నలభైకి. అప్పటికి నా చేతిలో మిగిలింది మూడు గంటల ఇరవై నిమిషాలు. నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ ఒక పశువుల ఫారం కాపరిని కోర్టుకి తీసుకెళ్తాడు. సొంత మేనకోడల్ని చంపి ఎక్కడో పాతిపెట్టాడని కేసు. శవం ఇంకా దొరకలేదు గానీ, అలాంటి చిన్న చిన్న లోట్లు మా ఇన్‌స్పెక్టర్‌కి పట్టవు.

నన్ను ఈ పనికి పెట్టుకున్నది కాపరి భార్య. "కనిపించకుండా పోయిన పిల్లని రెండేళ్ల వయసు నుంచీ పెంచింది నేను. చంపాడంటున్నది నా మొగుణ్ణి. ఇద్దరూ నావాళ్లేనమ్మా. ఒకర్ని తెచ్చి ఒకర్ని వదిలేస్తే నాకు చాలదు" అంది. పొద్దున్నుంచీ ఫారం గేటు దగ్గర బెంచీ మీద కూర్చునే ఉంది. ఒళ్లో ఆ అమ్మాయి స్వెట్టర్. చలి పెరుగుతోందని తెచ్చిందట. పోలీసులు పారలు తెస్తున్న చోటికి ఆవిడ స్వెట్టర్ తెచ్చింది. ఇరవై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, మోకాళ్లు అరిగి బయటికొచ్చిన మనిషిని నేను. ఇలాంటివి నన్ను కదిలించవని చెప్పుకు తిరుగుతుంటాను. అది అబద్ధం.

ఆ ఫారంలో పెంచేది ఆల్పకాల్ని. ఒంటెకి దూరపు చుట్టాలవి. మూపురం లేదు, పొడుగు మెడ, ఒళ్లంతా ఉన్ని. అరవవు. నోరు మూసుకుని గొంతులోంచి సన్నగా మూలుగుతాయి, మనిషి ఏదో పాట మర్చిపోయి గుర్తు చేసుకుంటున్నట్టు. ఫారం వెనకాల ఒక పరిశోధనశాల ఉంది. రోగాన్ని ఎదిరించే కణాలు ఆల్పకా పిల్లల పేగుల్లో ఏ వయసుకి ఎన్ని పుడతాయో అక్కడ లెక్క తేలుస్తారు. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆ కణాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టేది ఈ అమ్మాయే. అందుకే అందరికీ లెక్కలమ్మాయి.

పదకొండు రోజుల కిందట పొద్దున్న ఎనిమిదిన్నరకి పనిలోకి వచ్చింది. బయటికి వెళ్లడం ఎవరూ చూడలేదు. మూడు రోజుల కిందట కాపరి పాకలో రక్తంతో అట్టకట్టిన అతని పని కోటు దొరికింది. ఆల్పకా పురుడు పోసినప్పటి రక్తమన్నాడతను. పుట్టుకల రిజిస్టర్ తీసి చూస్తే ఆ నెలలో పుట్టుకే లేదు. రక్తం పరీక్ష రిపోర్టు రావడానికి ఇంకో వారం పడుతుంది. ఇన్‌స్పెక్టర్ వారం ఆగే రకం కాదు.

లాకప్‌లో కాపరిని నేను గంటసేపు తవ్వాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఒకే మాట అన్నాడు. "నలభై రోజులు నిండనివ్వండమ్మా. అన్నీ అవే తెలుస్తాయి." ఎందుకు నలభై అంటే నోరు విప్పలేదు. కానీ మెడ మీద చెమట పట్టింది. గదిలో నేను శాలువా కప్పుకుని ఉన్నాను.

అందుకే పన్నెండూ నలభైకి మైనం తాత గదిలో ఉన్నాను. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు, అంతే. అందరూ తాత అంటున్నారని నేనూ అన్నాను. పేగు ముక్కల్ని మైనంలో పోసి గడ్డకట్టించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలకల మీద పరవడం ఆయన పని. గదంతా పేగులు కుళ్లకుండా పోసే ఫార్మలిన్ వాసన. కళ్లు మండి నీళ్లు కారాయి. ఆయనకి మాత్రం అది పొద్దున పీల్చే గాలిలా ఉంది.

"ముందు మీరు నిన్న ఇచ్చిన తువ్వాలు సంగతి" అన్నాడు. కోటు పోలీసులు పట్టుకుపోయారు గానీ, అమ్మాయి మాయమైన రోజు కోటుతో పాటు కాపరి నడుముకి చుట్టుకున్న తువ్వాలు ఇంట్లోనే ఉండిపోయింది. కాపరి భార్య దాన్ని దాచి నాకిచ్చింది. దాని మీద గడ్డకట్టిన నెత్తురు పెచ్చు ఊడదీసి, మైనంలో పెట్టి కోశాడు తాత. "చూడండి."

కన్ను ఆనించాను. ఎర్రగా వందలకొద్దీ గింజలు. 

"గుండ్రంగా ఉన్నాయా?"

"లేవు. కోలగా ఉన్నాయి."

"మీ నెత్తురు, నా నెత్తురు గుండ్రం. ఒంటె జాతికి మాత్రం కోలగా ఉంటాయి. ఇది ఆల్పకాది. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా, ఇందులో నా చెవిలో పువ్వు పెట్టేవాడు లేడు."

అంటే కాపరి నిజమే చెప్పాడు. పదకొండు రోజుల కిందట ఇక్కడ ఒక పురుడు జరిగింది. ఆ పిల్లని రిజిస్టర్‌లో ఎక్కించలేదు.

"తాతగారూ, ఈమధ్య మీ దగ్గరికి ఏదైనా కొత్త పిల్ల పేగు వచ్చిందా?"

ఆయన లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు. "ఉద్యోగం ఇంకా రెండేళ్లుందమ్మా" అన్నాడు.

"నాకు మూడు గంటలుంది" అన్నాను. కాస్త కటువుగానే అన్నాను. తర్వాత సిగ్గుపడ్డాను గానీ, వెనక్కి తీసుకోలేదు.

నాలుగు పలకలు వరసగా పెట్టాడు. మొదటిది పుట్టిన రోజు పిల్లది. నీలం రంగు పేగు గోడ, దాని మీద అక్కడొకటి ఇక్కడొకటి గోధుమ రంగు చుక్క. రెండోది నలభై రోజుల పిల్లది. అందులో గోధుమ చుక్కలు జాతర... కాదు, అంతకంటే ఎక్కువ. గుంపులు గుంపులుగా, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ.

"ఈ చుక్కలే కాపలా కణాలు" అన్నాడు తాత. "ఆల్పకాకి కడుపులో ఉండగా తల్లి నుంచి ఏ రక్షణా అందదు. ఖాళీ చేతుల్తో వస్తుంది. పుట్టాక తల్లి నాకాలి, ముర్రుపాలు తాగాలి, గడ్డి కొరకాలి, పెంటలో మూతి పెట్టాలి. బయటి క్రిములు లోపలికి వస్తూ ఉంటే వాటిని చూసి చూసి కాపలావాళ్లు పుడతారు. లోకం తగలని పేగులోకి ఎవరూ రారు. ఖాళీ ఇల్లులా ఉండిపోతుంది."

మూడో పలక పెట్టాడు. పేగు మడతలు పొడుగ్గా, బలంగా ఎదిగి ఉన్నాయి. చుక్కలు మాత్రం లేవు.

"దీని వయసెంత?" అన్నాను.

"నలభై రోజులు. ఆరు నెలల కిందటిది. నలభయ్యో రోజున ఎక్కడ్నుంచో తెచ్చి మందలో వదిలారు. రెండో రోజుకి పోయింది. ఒళ్లు నలభై రోజులది, పేగు ఒక్క రోజుది. మాయమైన రోజు పొద్దున్నే ఇది లెక్కకి తీసి, స్లైడు తారుమారైందేమోనని లెక్కలమ్మాయి నన్ను మూడుసార్లు అడిగింది. కాదన్నాను. అయితే ఈ పరిశోధనశాల నడిపే పెద్ద డాక్టర్నే అడుగుతానని వెళ్లింది. అంతే, మళ్లీ కనపడలేదు."

ఒక పిల్ల నలభై రోజులు బతికింది. తల్లి నాలుక తగల్లేదు, మట్టి తగల్లేదు, ఈగ కూడా వాలలేదు. అది ఎక్కడ బతికినట్టు?

"నాలుగోది?"

"నిన్న పొద్దున వచ్చింది. బతికున్న పిల్లకి గొట్టం దించి తీసిన గింజంత ముక్క. పెద్ద డాక్టరు పాత నమూనాల్లో కలిపి పంపారు, పాతదే అనుకున్నాను. కానీ పాతదైతే ఫార్మలిన్‌లో నాని బిరుసెక్కాలి. ఇది మెత్తగా ఉంది. ఒక్క రాత్రి నానింది, అంతే." ముక్కతో పాటు వచ్చిన చిన్న కాగితపు చీటీ నా ముందు పెట్టాడు. పెన్సిల్‌తో రాసి ఉంది. స్పిరిట్‌లో ఇంకు కరిగిపోతుందని ఇక్కడ అందరూ పెన్సిల్‌తోనే రాస్తారు. *వయసు 9 రోజులు.* తొమ్మిది కింద చిన్న గీత ఉంది.

"ఈ గీతేమిటి?"

"చీటీ తిరగబడితే ఆరు తొమ్మిదవుతుంది, తొమ్మిది ఆరవుతుంది. అందుకని అంకె కింద గీత పెడుతుంది. ఇక్కడ ఇంకెవరూ పెట్టరు." తాత గొంతు తగ్గింది. "ఇది లెక్కలమ్మాయి చేతిరాతమ్మా. పొద్దున్న చూశాను. చూసి మళ్లీ డబ్బాలో పెట్టేశాను. మీరు అడక్కపోతే రేపు కూడా పెట్టేసేవాణ్ణేమో."

నేను వేళ్ల మీద లెక్కేశాను. పదకొండు రోజుల కిందట పుట్టిన పిల్లకి తొమ్మిది రోజులు నిండింది మొన్న. మొన్న ఆ పిల్ల పక్కన పెన్సిల్ పట్టుకుని లెక్కలమ్మాయి ఉంది. 

ఆ అమ్మాయి బతికే ఉంది. నాకు ఒక్క క్షణం పిచ్చి సంతోషం కలిగింది. వెంటనే నాలుగో పలక మీద కన్ను ఆనించాను. గోధుమ చుక్కలు ఒక్కటీ లేవు.

*

పెద్ద డాక్టరు గదికి వెళ్లేసరికి ఒంటిగంటా పావు. తలుపు దగ్గరే ఆపాడు. "చెప్పులు బయట వదిలి రండి." ఫారంలో అందరి కాళ్లకీ గడ్డీ పెంటా అంటుకుని ఉంటాయి. ఈయన బూట్లు షాపులోంచి తెచ్చినట్టున్నాయి. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. పొద్దున్న తొమ్మిదింటికి చూసినప్పుడూ తడిగానే ఉంది.

"ఇప్పుడే స్నానం చేశారా?"

"అలవాటు."

"రోజుకి ఎన్నిసార్లు?"

"ఇది విచారణా, పెళ్లిచూపులా?" అన్నాడు. నవ్వలేదు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుంటే ఆయన కుర్చీ అంతే వెనక్కి జరిగింది. చేతులు చూశాను. తోమి తోమి వేళ్ల సందుల్లో చర్మం పగిలి, ఎర్రగా లేచిపోయి ఉంది.

"అమ్మాయిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"పది ఇరవైకి. వెనక గేటు వైపు వెళ్తోంది."

"పోలీసులకి పదీ ఐదు అని చెప్పారు."

"పదీ ఐదు, పది ఇరవై. ఏం తేడా?"

"పదీ పదికి వెనక గేటుకి తాళం పడుతుంది. అదీ తేడా." ఆయన రెప్ప వెయ్యలేదు. "మీ గది వెనకాల ఉన్న ఆ పొడుగాటి కట్టడం ఏమిటి?"

"క్రిమి లేకుండా పిల్లల్ని పెంచాలని కట్టాం. కుదరలేదు. రెండేళ్లుగా మూసే ఉంది. గాలి యంత్రం కూడా ఆపేశాం." తర్వాత ఆయన గొంతులో ఏదో మెత్తదనం వచ్చింది. అది నాకు ఆయన కోపం కంటే నచ్చలేదు. "మీకు తెలుసా, పుట్టినప్పుడు పేగు ఎంత శుభ్రంగా ఉంటుందో? చూస్తే ముట్టుకోబుద్ధి కాదు. మనమే పాడు చేస్తాం. నాకి, ముద్దు పెట్టి, మట్టిలో దించి. ఒక్క పిల్లనైనా అలాగే ఉంచగలిగితే బాగుండును కదా."

"ఉంచితే చచ్చిపోతుంది కదా?"

"బయటికి తెస్తే చచ్చిపోతుంది" అని సరిదిద్దాడు. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను. వెనకనుంచి ఆయన నేను కూర్చున్న కుర్చీని గుడ్డతో తుడుస్తున్న చప్పుడు వినిపించింది.

*

ఒంటిగంటా యాభైకి ఆ కట్టడం వెనక దొడ్లో ఉన్నాను. కిటికీల్లేని గోడ. ముప్ఫై ఆల్పకాల దాకా ఉన్నాయి. మేత వేరే వైపు పోసి ఉంది. ఒక్కటీ మేత దగ్గర లేదు. అన్నీ గోడవైపు తిరిగి, మెడలు నిక్కించి, కదలకుండా నిలబడ్డాయి. నా అడుగుల చప్పుడుకి ఒక్క చెవి కూడా తిరగలేదు. పోలీసు ఉద్యోగంలో నేను చాలా గుంపుల్ని చూశాను. ఇంత నిశ్శబ్దంగా ఎదురుచూసే గుంపుని చూడలేదు.

గోడకి అన్నిటికంటే దగ్గరగా ఒక గోధుమరంగు తల్లి నిలబడి ఉంది. ఎడమ పక్కన ఉన్ని గొరిగి ఉంది. గొరిగిన చోట జానెడు పొడుగున కుట్లు. కడుపు కోసి పిల్లని తీశారు. కుట్లు మానుతున్న తీరు చూస్తే పది, పన్నెండు రోజులవి.

గోడ పైన ఇనప జల్లెడ బిగించిన గొట్టం ఒకటి ఉంది. తొట్టి తిరగేసి ఎక్కాను. మోకాళ్లు నన్ను నానా తిట్లూ తిట్టాయి. తల్లి ఒంటి మీంచి ఉన్ని పోగొకటి తీసి జల్లెడ ముందు వదిలాను. కింద పడలేదు. చటుక్కున వెళ్లి జల్లెడకి అతుక్కుంది. రెండేళ్లుగా ఆపేసిన యంత్రం గాలి పీలుస్తోంది.

అప్పుడు తల్లి మూలిగింది. నోరు మూసుకుని, సన్నగా, సాగదీసి. ఆగింది. గొట్టంలోంచి జవాబొచ్చింది. అది పిల్ల గొంతు, లేత గొంతు. తల్లి మళ్లీ మూలిగింది. ఈసారి లోపల్నుంచి రెండు గొంతులు పలికాయి. ఒకటి పిల్లది. రెండోది దానికంటే బరువుగా, జాగ్రత్తగా, నేర్చుకుని పలికినట్టుగా ఉంది. మధ్యలో అది దగ్గింది.

మనిషి దగ్గు. ఒంట్లో నెత్తురు గడ్డకట్టడమంటే ఏమిటో తొట్టి మీద నిలబడి తెలుసుకున్నాను.

"మేడం, రిటైరయ్యాక సర్కస్‌లో చేరారా?"

కింద ఇన్‌స్పెక్టర్. చొక్కా మడత నలగదని స్టేషన్లో అందరూ 'ఇస్త్రీ' అంటారు. రిపోర్టు రాయడం నేర్పింది నేనే. ఇప్పుడు నన్ను చూస్తే చెప్పులో రాయిలా ఉంటుంది వాడికి. వెనకాల నలుగురు మనుషులు, నాలుగు పారలు. టైము రెండూ ముప్ఫై ఐదు.

"పెంటకుప్ప కింద తవ్విస్తున్నా" అన్నాడు. "దొరికితే నాలుగింటికి కాపరితో పాటు అదీ కోర్టుకొస్తుంది. మీరు ఇంటికెళ్లి కాళ్లకి వేడినీళ్లు పెట్టుకోండి."

"తవ్వితే పెంట దొరుకుతుంది. నీకు ఇష్టమైతే తవ్వుకో" అంటూ దిగాను. "ఆ రోజు కాపరి కట్టుకున్న తువ్వాలు మీది రక్తం ఆల్పకాది, కోటుదీ అదే. కావాలంటే మైనం తాత మైక్రోస్కోపులో చూడు."

"నాలుగు రాళ్లిస్తే ఎవడైనా ఏదైనా చూపిస్తాడు."

"నువ్వు మొదటి కేసులో కోడి నెత్తుటికి మనిషిని అరెస్ట్ చేసినప్పుడు, నిన్ను కాపాడింది మైక్రోస్కోపే నాయనా. మర్చిపోయావా?"

పారల వాళ్లలో ఒకడు తల పక్కకి తిప్పుకుని నవ్వు మింగాడు. ఇస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. "సరే, ఆల్పకాదే అనుకుందాం. పుట్టిన పిల్లేది? రిజిస్టర్‌లో లేదు. కాపరి ఎందుకు నోరు మూసుకున్నాడు? అమాయకుడైతే అరిచి చెప్పడా?"

"బెదిరించినవాడి చేతిలో తన మనిషి ఉంటే నువ్వు అరుస్తావా?"

"ఎవరు? ఎక్కడ? మీరు ఎప్పుడూ ఇంతే మేడం. కథ బ్రహ్మాండంగా అల్లుతారు. కింద సంతకం మాత్రం నాది." కోపంలో వాడు నిజం చెప్పాడు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రెండుసార్లు నా ఊహ తప్పయింది. రెండుసార్లూ మాట పడ్డది వాడే. ఆ బాకీ నాకు గుర్తుంది.

"ఈసారి కథ చెప్పను" అన్నాను. "ఆ తొట్టెక్కి రెండు నిమిషాలు నోరు మూసుకుని విను. ఏమీ వినపడకపోతే కాపరిని తీసుకెళ్లు, నేను అడ్డు రాను."

ఇస్త్రీ చొక్కా నలుగుతుందేమోనని చూసుకుంటూ ఎక్కాడు. తల్లి మూలిగింది. లోపలివాళ్లు పలికారు. దగ్గు వినిపించింది, ఈసారి ఆగకుండా నాలుగుసార్లు. వాడు జల్లెడకి చెవి ఆనించాడు. దిగి, పారల వాళ్లని ఆగమని చెయ్యి చూపించాడు.

"లోపలికి దారెటు?" అన్నాడు.

*

దారి పెద్ద డాక్టరు గదిలోంచే. తవ్వకానికి అనుమతి కాగితం మీద సంతకం కావాలని చెప్పి, ఒక కానిస్టేబుల్ ఆయన్ని గేటు దాకా తీసుకెళ్లాడు. అప్పుడు మూడూ ఇరవై ఎనిమిది. ఆయన గది వెనక స్నానాల గది, దాని వెనక రబ్బరు అంచున్న ఇనప తలుపు. తాళం లేదు. పెద్ద పిడి ఒకటే ఉంది. ఈ తలుపు తియ్యడానికి ఇక్కడ ఎవరికీ ధైర్యం లేదు గనక తాళం అవసరం పడలేదు.

పిడి లాగాను. లోపల ఇరుకైన మధ్యగది. తెల్లటి గోడలు, పైకప్పులో నాలుగు చిల్లుల మూతలు, ఎదురుగా ఇంకో తలుపు, దానికి చదరపు అద్దం. గోడకి చిన్న స్పీకరు. ఇస్త్రీ నా వెనకే వచ్చాడు. నేను నేరుగా అద్దం దగ్గరికి వెళ్లాను.

లోపల అంతా తెలుపు. నేల మీద తెల్ల గౌనులో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తల నున్నగా గొరిగారు, కనుబొమలు కూడా. ఆమె ఒళ్లో పొడుగు మెడ వాల్చి పడుకుంది పిల్ల ఆల్పకా. అది మూలుగుతుంటే ఆమె దాని చెవి దగ్గర పెదాలు కదపకుండా మూలుగుతోంది. కాపరి భార్య చూపించిన ఫొటోలో నవ్వుతున్న పిల్ల ఈమేనని పోల్చుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది.

అద్దం మీద తట్టాను. తలెత్తింది.

నేను జీవితంలో చాలామందిని విడిపించాను. నన్ను చూసి ఏడ్చినవాళ్లున్నారు, కాళ్లు పట్టుకున్నవాళ్లున్నారు. ఈ అమ్మాయి నా ముఖం చూడలేదు. నా భుజం మీంచి వెనక తలుపు వైపు చూసింది. పిల్లని కింద పెట్టి, పరుగెత్తి, గోడనున్న చీటీల కట్టలోంచి ఒకటి లాగి రాయడం మొదలుపెట్టింది.

"తలుపు దానంతటదే పడింది మేడం" అన్నాడు ఇస్త్రీ వెనకనుంచి. టైము మూడూ ముప్ఫై. పిడి కోసం తడుముతున్నాడు. "ఇవతల పిడి లేదు."

స్పీకరు గరగరమంది. పెద్ద డాక్టరు గొంతు. గేటు దగ్గర కాగితం చదువుతూ ఉండాల్సిన మనిషి.

"బూట్లతో వచ్చారు" అన్నాడు. కోపం లేదు. ఏదో చేజారి పగిలిపోయినట్టు, దిగులుగా ఉంది. "మొదటి పిల్ల తోడు లేక తిండి మానేసి చిక్కిపోయింది. అందుకే దీనికి తోడు పెట్టాను. ఇరవై తొమ్మిది రోజులే మిగిలాయి. వాళ్ల మావయ్య కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచీ కడగాలి. మధ్యగదీ, లోపలిదీ."

"లోపల మనిషుంది" అని అరిచాడు ఇస్త్రీ. స్పీకరు అప్పటికే ఆగిపోయింది. వాడు వెనక్కి నడిచి, పరుగెత్తి వచ్చి తలుపుని భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. ఇస్త్రీ చొక్కా చంక కింద చిరిగింది. వాడు దాన్ని చూసుకోనైనా లేదు.

పైకప్పు మూతల్లోంచి అప్పుడే సన్నగా వాసన దిగడం మొదలైంది. మధ్యాహ్నం మైనం తాత గదిలో పీల్చిన వాసనే. అక్కడ అది చచ్చిన పేగుల కోసం.

అమ్మాయి చీటీని అద్దానికి ఆనించి పట్టుకుంది. అక్షరాలు నిటారుగా, వరసలో ఉన్నాయి. లెక్క రాసే చెయ్యి అది.

*బయటి తలుపు పడనివ్వకండి. పడితే 9 నిమిషాలకి ఫార్మలిన్ పొగ.*

అంకె కింద గీత ఉంది. ఆరు కాదు, తొమ్మిదే. నేను గడియారం చూసుకున్నాను. మూడూ ముప్ఫై నాలుగు.